మేలైన యంత్రం గెలుస్తుందా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక వరుసల్లో కూర్చుని ఈయన ఎప్పుడు ముగిస్తాడా, భోజనాలు ఎప్పుడు పెడతారా అని పిల్లలు చూస్తున్నారు. నేనూ ఒకప్పుడు ఆ వెనక వరుసల్లోనే కూర్చునేవాణ్ణి కాబట్టి మీ ఆకలి నాకు తెలుసు. త్వరగానే ముగిస్తాను.

నెల కిందట సావనీర్ కమిటీ వాళ్ళు ఫోన్ చేసి, ప్రసంగ పాఠం ముందే రాసి పంపమన్నారు. రెండు రాత్రులు కూర్చుని ఫోన్లో యూనికోడ్ తెలుగులో టైప్ చేసి పంపాను. మర్నాడే మళ్ళీ ఫోన్. "అన్నా, ప్రెస్సులో ఇది తెరుచుకోవడం లేదు. అంతా డబ్బాలు డబ్బాలుగా వస్తోంది. అను ఫాంటులో పంపగలవా?" అని. నవ్వొచ్చింది. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో చోటు దొరికింది 1991లో. అందులో ఒకచోట రాసింది ప్రపంచంలో ఎక్కడైనా చదవొచ్చు, వెతకొచ్చు, ఫోన్ చేత చదివించుకోవచ్చు. అను ఫాంటులో కొట్టింది ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పెడితే ఏవో ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. ఏది మేలైనదో ఏ ఇంజనీరైనా ఒక్క నిమిషంలో చెబుతాడు. కానీ మన టౌనులో ప్రెస్సు ఉన్నది పేజ్‌మేకర్ మీద. అక్కడి ఆపరేటర్ వేళ్ళకు పాతికేళ్ళుగా అలవాటైనది ఆ కీబోర్డు. పెళ్ళి శుభలేఖలూ కరపత్రాలూ అన్నీ అందులోనే ఉన్నాయి. వాటన్నిటినీ వదిలేసి కొత్తది నేర్చుకుంటే ఆయనకు వచ్చే లాభం ఏమిటి? చివరికి కన్వర్టర్‌తో మార్చి పంపాను. మీ చేతుల్లో ఉన్న సావనీర్‌లో ఈ వ్యాసం అలాగే అచ్చయింది.

ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది సరిగ్గా దీని గురించే. మేలైన సాంకేతికత వస్తే, అప్పటికే పాతుకుపోయిన దాన్ని పక్కకు నెట్టి గెలుస్తుందా? ఈ ప్రశ్నకు నేను తొమ్మిదో తరగతిలో ఒక జవాబు నేర్చుకున్నాను. ముప్పై ఏళ్ళు దాటాక అది తప్పని తెలుసుకున్నాను. మధ్యలో చాలా పోగొట్టుకున్నాను. నావే కాదు, నన్ను నమ్మినవాళ్ళవి కూడా.

తొమ్మిదో తరగతిలో మన సైన్సు మాస్టారు విద్యుత్తు పాఠం చెబుతూ ఒక కథ చెప్పేవారు. నాతో చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 1882 సెప్టెంబర్ 4న న్యూయార్క్‌లో పెర్ల్ స్ట్రీట్ స్టేషన్ నుంచి ఎడిసన్ ఇళ్ళకు, దుకాణాలకు కరెంటు ఇవ్వడం మొదలుపెట్టాడు. అది డీసీ, 110 ఓల్టుల కరెంటు. అంత తక్కువ ఓల్టేజితో పంపితే తీగల్లో నష్టం ఎక్కువ. అందుకని స్టేషన్ చుట్టూ ఒకటిన్నర కిలోమీటరు దాటితే దీపం మినుకు మినుకుమనేది. ఏసీలో ఆ బాధ లేదు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఓల్టేజి పెంచితే అదే పవర్‌కు కరెంటు తగ్గుతుంది. కరెంటు పదో వంతైతే తీగలో నష్టం నూరో వంతవుతుంది. ఊరి చివర మళ్ళీ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి దించుకోవచ్చు. ఎడిసన్ దగ్గర పేరుంది, డబ్బుంది, అప్పటికే వేసిన లైన్లున్నాయి. ఏసీ ప్రమాదమని జనాన్ని భయపెట్టడానికి ఆయన మనుషులు జంతువులను కరెంటు పెట్టి చంపి చూపించారు. 1890లో ఒక ఖైదీకి విద్యుత్ కుర్చీలో మరణశిక్ష అమలు చేసినప్పుడు వాడింది కూడా ఏసీయే. అయినా ఏం లాభం? 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనను వెస్టింగ్‌హౌస్ ఏసీ దీపాలతో వెలిగించాడు. 1896లో నయాగరా జలపాతం దగ్గర పుట్టిన ఏసీ కరెంటు ముప్పై కిలోమీటర్లకు పైగా ప్రయాణించి బఫెలో నగరం చేరింది. "చూశార్రా! ఎంత పెద్దవాడు అడ్డుపడినా మేలైనది గెలిచి తీరుతుంది" అని మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టేవారు. మాకు ఒళ్ళు పులకరించేది.

ఆ కథే నన్ను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేర్చింది. ఆ మాటే నన్ను ముంచింది కూడా.

మన ప్రాంతం బోర్ల మీద బతికే ప్రాంతం. నా చిన్నప్పుడు బావుల్లో నీళ్ళుండేవి. నేను ఉద్యోగంలో చేరేసరికి బోర్లు మూడొందల అడుగులు దాటాయి. ఏ చేను దగ్గరికి వెళ్ళినా ఒకటే మాట, మోటరు కాలిపోయింది అని. నేను ఒక మోటర్ల కంపెనీలో డిజైన్ విభాగంలో పనిచేసేవాణ్ణి. మార్కెట్లో దొరికే సబ్‌మెర్సిబుల్ మోటర్లలో నాసిరకం స్టాంపింగులు, అరకొర రాగి ఎలా వాడతారో దగ్గరగా చూశాను. నాణ్యమైన స్టాంపింగు వేసి, రాగి సరిగా వేసి, రోటర్‌కు స్టేటర్‌కు మధ్య సందు సరిగా ఉంచి, పంపు బకెట్లు నున్నగా చేస్తే అవే నీళ్ళను నాలుగో వంతు తక్కువ కరెంటుతో తోడొచ్చని లెక్క వేశాను. బెంచి మీద పరీక్షించి చూసుకున్నాను కూడా.

1998లో ఉద్యోగం మానేసి హైదరాబాద్ శివార్లలో చిన్న షెడ్డు తీసుకున్నాను. బ్యాంకు లోను కొంత, మా ఆవిడ నగల మీద కొంత తెచ్చాను. మిగతాది మా బ్యాచ్‌లోనే నా పక్కన కూర్చుని చదివిన మిత్రుడొకడు పెట్టాడు. ఎకరన్నర అమ్మి లక్షా ఎనభై వేలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. కాగితం రాసుకుందామంటే "నీకూ నాకూ కాగితమేందిరా" అన్నాడు. వాడు ఇవాళ ఈ సభలోనే ఉన్నాడు. పేరు చెబితే లేచి వెళ్ళిపోతాడు కాబట్టి చెప్పను.

మొదటి మోటర్లలో ఒకటి మా పెదనాన్న బోరులో దించాం. వారం తర్వాత వెళ్ళి ఎలా ఉందని అడిగాను. ఆయన తువ్వాలు దులుపుకుంటూ అన్నాడు: "ఒరే నాయనా, నీ మోటరు బాగానే తిరుగుతాంది. నీళ్ళు మాత్రం పక్క చేనోడికి పోసినన్ని పోయలేదే?"

నాకు తల తిరిగింది. రెండూ 5 హెచ్‌పీ మోటర్లే. నాది మేలైనది. నీళ్ళు ఎందుకు తక్కువ పోస్తుంది? పక్క చేనులో క్లాంప్ మీటరు పెట్టి చూస్తే అప్పుడు తెలిసింది. ఆ మోటరు ప్లేటు మీద 5 అని ఉంది. లోపల ఉన్నది ఏడున్నర.

ఎందుకలా? అప్పట్లో వ్యవసాయ కనెక్షన్లకు మీటర్లు లేవు. ఎన్ని యూనిట్లు కాల్చారన్న లెక్క లేదు. హెచ్‌పీకి ఇంత అని కట్టేవాళ్ళు. కాబట్టి ప్లేటు మీద అంకె ఎంత తక్కువ ఉంటే రైతుకు అంత లాభం, లోపల బలం ఎంత ఎక్కువ ఉంటే అంత లాభం. మార్కెట్ ఆ లెక్కకు తగ్గ సరుకే చేసిపెట్టింది. నేను నిజం రాసిన ప్లేటుతో అక్కడికి వెళ్ళాను. నా మోటరు ఆదా చేసే నాలుగో వంతు కరెంటు ఎవరి జేబులోకి వెళుతుంది? విద్యుత్ సంస్థ జేబులోకి. డబ్బు ఎక్కువ పెట్టి కొనేది ఎవరు? మా పెదనాన్న. ఈ చిన్న లెక్క నా డిజైన్ పుస్తకంలో ఎక్కడా లేదు. తర్వాత 2004 మే నెలలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. రైతుకు అది ఎంత ఊరటో నేను కళ్ళారా చూశాను. దాన్ని తప్పు పట్టడానికి ఇక్కడికి రాలేదు. కానీ కరెంటు ఆదా చేసే మోటరు అమ్ముకునేవాడికి ఆ రోజుతో దుకాణం మూసుకునే దారి కనబడింది.

రెండో దెబ్బ ఓల్టేజిది. 440 ఉండాల్సిన చోట రాత్రిపూట 320 కూడా ఉండేది కాదు. ఓల్టేజి పడిపోతే మోటరు అదే పని చేయడానికి కరెంటు ఎక్కువ లాగుతుంది. వైండింగ్ వేడెక్కి కాలుతుంది. మంచి ఓల్టేజి వస్తుందన్న నమ్మకంతో నేను డిజైన్ చేశాను. మన టౌనులో మోటర్లు చుట్టే మేస్త్రీలు మన టౌనులో వచ్చే ఓల్టేజికి తగ్గట్టు చుట్టేవాళ్ళు. వాళ్ళ మోటరు కరెంటు ఎక్కువ తాగేది, కానీ ఆ తక్కువ ఓల్టేజిలోనూ లేచేది. నాది బెంచి మీద గెలిచి, చేనులో కాలింది. అంటే నాది మేలైన మోటరు అన్న మాటలోనే సగం తప్పుంది. ఎక్కడికి మేలైనది? ఏ కరెంటుకు మేలైనది? ఆ ప్రశ్న నేను వేసుకోలేదు.

మూడో దెబ్బ అన్నిటికంటే గట్టిది. టౌనులో మోటరు కాలితే పొద్దున ఎత్తి సాయంత్రానికి వైండింగ్ షాపులో పడేస్తారు. రెండో రోజు రాత్రికి చుట్టి ఇస్తారు. మూడో రోజు నీళ్ళు. డబ్బు పంట వచ్చాక ఇవ్వొచ్చు. నా మోటరు కాలితే హైదరాబాద్ పంపాలి. పది రోజులు. నాలుగో రోజుకే చేను వాడిపోతుంది. "ఇక్కడే చుట్టొచ్చు కదా?" అని మేస్త్రీని అడిగాను. ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "సార్, మీ మోటరు మంచిదే. కానీ దీని లెక్క నాకు తెలీదు. ఎన్ని చుట్లు, ఏ గేజి తీగ, మీరు చెప్పరు. తెలీని పని చేసి రైతు దగ్గర మాట పోగొట్టుకోమంటారా?"

ఆయన అడిగింది డ్రాయింగు. నేను ఇవ్వలేదు. ఇస్తే కాపీ కొడతారని భయం. ఏ రైతు వచ్చి "ఏ మోటరు కొనమంటావు?" అని అడిగినా మేస్త్రీ నా పేరు చెప్పలేదు. ఎందుకు చెబుతాడు?

ఎనిమిదేళ్ళలో నూట నలభై చిల్లర మోటర్లు అమ్మాను. 2006లో షెడ్డు ఖాళీ చేశాను. మళ్ళీ ఉద్యోగంలో చేరాను. బ్యాంకు అప్పు తీరడానికి ఏడేళ్ళు పట్టింది. అన్ని రోజులూ నేను చెప్పుకున్న మాట ఒక్కటే, ఈ దేశంలో మంచి సరుకుకు చోటు లేదు అని. రైతులకు తెలియదు, మేస్త్రీలు స్వార్థపరులు, ప్రభుత్వాలు ఇంతే. ఓడిపోయిన ఇంజనీర్లందరూ పాడే పాట ఇదే.

ఆ పాట ఆపింది మాస్టారు చెప్పిన కథే. కొన్నేళ్ళ తర్వాత ఆ ఏసీ, డీసీల చరిత్ర మళ్ళీ శ్రద్ధగా చదివాను. కథలో మాస్టారు చెప్పని భాగాలు కనిపించాయి. గంట కొట్టేలోపు ఎంతని చెబుతారు, పాపం.

మొదటిది. 1886లో స్టాన్లీ అనే ఇంజనీరు అమెరికాలో ట్రాన్స్‌ఫార్మర్లతో ఏసీ పంపిణీ చేసి చూపించినప్పుడు, ఏసీకి అమ్మదగ్గ మోటరు లేదు, నమ్మదగిన మీటరు లేదు. దీపాలు వెలుగుతాయి, అంతే. డీసీకి మోటరుంది, మీటరుంది. అప్పటికి డీసీ కొన్నవాడు తెలివితక్కువవాడేం కాదు. 1888లో టెస్లా ఇండక్షన్ మోటరు, షాలెన్‌బర్గర్ ఏసీ మీటరు వచ్చాకే ఏసీకి కాళ్ళు వచ్చాయి. వాడకందారుకు కావలసింది ఒక్క గొప్ప గుణం కాదు, మొత్తం సరంజామా. నా మోటరుకు గుణం ఉంది, సరంజామా లేదు.

రెండోది నాకు కళ్ళు తెరిపించింది. ఏసీ గెలిచాక డీసీ లైన్లన్నీ పీకి పారేశారా? లేదు. రోటరీ కన్వర్టర్ అనే యంత్రం వచ్చింది. ఒక వైపు ఏసీ ఇస్తే రెండో వైపు డీసీ వస్తుంది. దాంతో దూరం నుంచి ఏసీలో కరెంటు తెచ్చి, నగరంలో పాత డీసీ వాళ్ళకు డీసీగానే ఇచ్చారు. ఎవరి మోటరూ మార్చుకోనక్కర్లేదు, ఎవరి లిఫ్టూ ఆగనక్కర్లేదు. కొత్తది పాతదాని పీక పట్టుకోలేదు, చెయ్యి పట్టుకుంది. న్యూయార్క్‌లో ఎడిసన్ వారసత్వపు కంపెనీ ఆఖరి డీసీ కనెక్షన్ తీసేసింది ఎప్పుడో తెలుసా? 2007 నవంబర్‌లో. ఓడిపోయిందని మనం తొమ్మిదో తరగతిలో చదువుకున్న డీసీ 125 ఏళ్ళు బతికింది. నేను నా షెడ్డు ఖాళీ చేసిన మరుసటి ఏడాది దాకా ఉంది!

మూడోది. పోట్లాడుకున్న రెండు పక్షాలూ, అంటే వెస్టింగ్‌హౌస్ కంపెనీ, ఎడిసన్ కంపెనీ కలిసిపోయి ఏర్పడిన జనరల్ ఎలక్ట్రిక్, 1896లో పేటెంట్లు పంచుకునే ఒప్పందం చేసుకున్నాయి. అంత పెద్ద కంపెనీలు పేటెంట్లు పంచుకున్నాయి. నేను మేస్త్రీకి చుట్ల లెక్క ఇవ్వలేకపోయాను.

నాలుగోది. ఆ గెలుపు కూడా శాశ్వతం కాదు. చాలా దూరం, చాలా పెద్ద మొత్తంలో కరెంటు పంపడానికి ఇవాళ మళ్ళీ హై ఓల్టేజి డీసీ వాడుతున్నారు. మన లోయర్ సీలేరు నుంచి బార్సూర్‌కు 1989లో వేసిన లైను దేశంలో తొలి డీసీ లైన్లలో ఒకటి. మీ జేబులో ఫోన్, ఈ హాల్లో ఎల్ఈడీ దీపం, బడి కప్పు మీద పెట్టిన సోలార్ ప్యానెల్ అన్నీ డీసీయే. మేలు అనేది వస్తువులో పుట్టి వస్తువులో ఉండిపోయే గుణం కాదు. పని మారితే, కాలం మారితే మేలు మారుతుంది.

ఇప్పుడు గెలిచిన కథ ఒకటి చెబుతాను. మీ అందరి ఇళ్ళలోనూ ఉంది. పాత ఫిలమెంటు బల్బు కంటే పాతుకుపోయిన సరుకు ఇంకోటి ఉండదు. 1924లో ప్రపంచంలోని పెద్ద బల్బు కంపెనీలు జెనీవాలో ఒక కూటమి కట్టి, బల్బు వెయ్యి గంటలకు మించి వెలగకూడదని కట్టడి చేసుకున్నాయి. అంత పట్టు వాళ్ళది. అలాంటి బల్బును ఎల్ఈడీ మన కళ్ళ ముందే తుడిచిపెట్టింది. ఎలా?

నీలి ఎల్ఈడీ 1990ల మొదట్లోనే జపాన్‌లో వచ్చింది. దానికి అకసాకి, అమనో, నకమురాలకు 2014లో నోబెల్ ఇచ్చారు. అంటే వస్తువు మేలైనదని తెలిశాక కూడా ఇరవై ఏళ్ళు అది మన పల్లెలకు రాలేదు. కారణం ధర. పది, పదిహేను రూపాయల బల్బు కొనే మనిషి మూడు నాలుగు వందలు పెడతాడా? అప్పుడు కేంద్ర ప్రభుత్వ రంగంలోని ఈఈఎస్ఎల్ లక్షల బల్బులకు ఒకేసారి టెండర్లు పిలిచింది. 2014 మొదట్లో ఒక్కోటి 310 రూపాయలకు కొన్న సంస్థ, 2016 నాటికి 38 రూపాయలకు కొనగలిగింది. 2015లో ఉజాలా పథకం దేశమంతా మొదలైంది. ఆ కార్యక్రమంలో ముందు చేరిన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. డబ్బు ఒకేసారి కట్టలేనివాళ్ళు కరెంటు బిల్లులో నెలకు పది రూపాయల చొప్పున కట్టే వీలుండేది. పోతే మార్చి ఇచ్చేవాళ్ళు. ఆ పథకం కింద ఇచ్చినవే 36 కోట్లు దాటాయి.

నా మోటరు పక్కన ఈ బల్బును పెట్టి చూడండి. 60 వాట్ల వెలుగు 9 వాట్లకే వస్తుంది, ఆ ఆదా కొన్నవాడి మీటర్లోనే కనిపిస్తుంది. మేస్త్రీ అక్కర్లేదు. ఓల్టేజి కాస్త అటూ ఇటూ అయినా వెలుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, అది పాత హోల్డర్లోనే పడుతుంది. హోల్డర్ మార్చాలంటే ఎల్ఈడీ ఇంకో ఇరవై ఏళ్ళు ఆగేది. ఆ హోల్డరే ఇక్కడి రోటరీ కన్వర్టర్. ఇక పాత దిగ్గజాల సంగతి. ఎడిసన్ వ్యాపారం నుంచి పుట్టిన జనరల్ ఎలక్ట్రిక్ 2020లో తన బల్బుల వ్యాపారాన్నే అమ్మేసుకుంది.

కాబట్టి మేలైనది గెలుస్తుందా అంటే, గెలుస్తుంది, కానీ మేలైనది అయినందుకే గెలవదు. ఈ మాట మాస్టారి మాటంత ఘనంగా ఉండదు. నాకు మాత్రం దీని ధర తెలుసు.

ఇక్కడున్న పిల్లల్లో కొందరు ఏదో ఒకటి తయారు చేస్తారు. యాప్ కావచ్చు, యంత్రం కావచ్చు, కొత్త విత్తనం కావచ్చు. మీరు మీ వస్తువు ఎంత గొప్పదో లెక్క వేసుకోండి. దాంతోపాటు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. లాభం ఎవరికి వెళుతోంది, డబ్బు ఎవరు పెడుతున్నారు? ఇద్దరూ ఒకరేనా? చెడిపోతే మూడో రోజుకు బాగుచేసి ఇచ్చేవాడు ఊళ్ళో ఉన్నాడా? పాత హోల్డర్లో పడుతుందా? కొలిచే త్రాసు ఎవరి చేతిలో ఉంది, ఆ త్రాసులో నిజం తూగుతుందా? ఈ నాలుగింటికీ జవాబు లేకపోతే, మీ ముందున్న పోటీదారు మూర్ఖుడని మాత్రం అనుకోకండి. అతను ఆ ప్రశ్నలకు మీకంటే ముందే జవాబు చెప్పుకున్నవాడు. అందుకే పాతుకుపోయాడు.

నా కథకు చిన్న కొసరు ఉంది. ఇప్పుడు నేను పనిచేసే చోట సోలార్ పంపులకు మోటర్లు చేస్తాం. సోలార్ పంపుకు హెచ్‌పీకి దాదాపు ఒక కిలోవాటు ప్యానెళ్ళు కావాలి. మోటరు కరెంటు ఎక్కువ తాగితే అన్ని ప్యానెళ్ళు ఎక్కువ పెట్టాలి, ఖర్చు అప్పుడే కనిపిస్తుంది. పైగా ప్రభుత్వ ప్రమాణాల్లో ప్లేటు మీద హెచ్‌పీ ఒక్కటే చూడరు. ప్యానెల్ వాటుకు రోజుకు ఎన్ని లీటర్లు తోడుతుందో కొలుస్తారు. అంటే త్రాసు మారింది. ట్రంకు పెట్టెలోంచి 1998 నాటి డ్రాయింగు తీశాను. స్టాంపింగు ఆలోచన, బకెట్ల ఆలోచన అందులోవే ఇప్పుడు వాడుతున్నాం. నా తెలివి పెరగలేదు. దానికి చోటు దొరికింది. అలాగని ఇది గెలుపు కథ అనను. ఉచిత కరెంటు ఉన్న చేలల్లో ఇవాళ్టికీ తిరుగుతున్నవి ఆ పాత మోటర్లే. అవి తిరగడానికి కారణాలూ ఉన్నాయి. ఈసారి మాత్రం చుట్ల లెక్క, తీగ గేజి కాగితం మీద అచ్చువేసి పెట్టెతో పాటే పంపిస్తున్నాం. మేస్త్రీలను పిలిచి రెండు రోజులు కూర్చోబెట్టి చూపిస్తున్నాం. కాపీ కొడతారా? కొట్టనివ్వండి. కాపీ కొట్టడానికైనా ముందు బతకాలి కదా.

చివరిగా ఎకరన్నర అమ్మిన నా మిత్రుడి మాట. వాడి డబ్బు తిరిగి ఇవ్వడానికి నాకు పదేళ్ళు పైగా పట్టింది. అసలు మాత్రమే ఇవ్వగలిగాను. ఆ ఎకరన్నర ఇవాళ ఎంతకు పోతుందో ఇక్కడున్న అందరికీ తెలుసు. వాడు ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. పోయిన సంక్రాంతికి వాళ్ళ తోటకు వెళ్ళాను. నా మోటరు ఒకటి వాడి బోరులో ఉంది. ఇంకా తిరుగుతోంది. ఇదెలా సాధ్యమని అడిగితే అన్నాడు: "రెండు మాట్లు కాలింది. రెండు మాట్లూ మన మేస్త్రీ ఇప్పి, నువ్వు సుట్టినట్ల కాకుండా మన కరెంటుకు సరిపోయేట్ల సుట్నాడు. నువ్వు ఆ పొద్దే ఆయప్పకు కాగితం ఇచ్చింటే నా ఎకరన్నర మిగిలేది గదరా!" అని పెద్దగా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. పాతికేళ్ళు నేను వేసిన లెక్కలన్నిటికంటే ఆ మాట సూటిగా ఉంది. బోరు పైపు పక్కన పాత ప్లేటు ఇంకా ఉంది. 5 హెచ్‌పీ అనే ఉంది.

ఆ మేస్త్రీ ఇప్పుడు లేరు. వాళ్ళబ్బాయి షాపు చూసుకుంటున్నాడు, మన బడి విద్యార్థే. కొత్త మోటర్ల కాగితాలు మొదట అతనికే ఇచ్చాను.

మాస్టారు ఇవాళ ఉండి ఉంటే, "మరి నేను చెప్పింది తప్పా?" అని అడిగేవారు. తప్పు కాదు మాస్టారూ, గంట కొట్టేశారు, మిగతా సగం మేం బయట నేర్చుకున్నాం అని చెప్పేవాణ్ణి. పిల్లలకు ఆ సగం కూడా బడిలోనే చెప్పే రోజు రావాలి. మన సంఘం ఏటా ఇచ్చే సైన్సు ప్రాజెక్టు బహుమతికి నాదొక చిన్న మనవి. ప్రాజెక్టు చేసిన పిల్లలు దాన్ని వాడబోయే మనిషిని, బాగుచేయబోయే మనిషిని వెంట తీసుకొచ్చి పక్కన నిలబెట్టాలని ఒక నియమం పెట్టండి. మార్కుల్లో సగం వాళ్ళిద్దరి చేత వేయించండి. ఆ బహుమతి ఖర్చు ఇక నుంచి నేనూ నా మిత్రుడూ కలిసి పెట్టుకుంటాం. వాడితో ఇంకా చెప్పలేదు, ఇప్పుడే వింటున్నాడు. ఈసారి కూడా కాగితం అడగడని నా నమ్మకం.

భోజనాలు సిద్ధంగా ఉన్నాయట.

(వక్త 1985 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి, ఎలక్ట్రికల్ ఇంజనీరు)